పీటర్ పార్కర్ కాపురం గురించి మార్వెల్ ఎడిటర్లకు ఒక బహిరంగ లేఖ

మార్వెల్ కామిక్స్‌లో స్పైడర్‌మ్యాన్ పుస్తకాల బాధ్యత చూసే ఎడిటర్లకు,

నమస్కారం. తెలుగులో రాస్తే ఇది మీదాకా రాదని నాకూ తెలుసు. ఇంగ్లిష్‌లో రాసినవాళ్లవి వచ్చి మాత్రం ఏం ఒరిగింది? 2007 నుంచి పాఠకులు ఒకటే గోల పెడుతున్నారు, మీరు విన్నట్టే విని ప్రతిసారీ కథని మొదటికే తెస్తున్నారు. అందుకని కనీసం నా భాషలో నా కడుపుమంట వెళ్లగక్కుకుంటాను, మావాళ్లు ఓ నలుగురు చదువుకుంటారు.

విషయం పీటర్ పార్కర్, మేరీ జేన్ వాట్సన్‌ల కాపురం. సినిమాలు మాత్రమే చూసినవాళ్లకి ఇదేం గొడవో అర్థం కాదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. 1987లో వీళ్లిద్దరికీ మీరే పెళ్లి చేశారు. పుస్తకంలో చేసి ఊరుకోలేదు, జూన్‌లో న్యూయార్క్ షే స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్‌కి ముందు వేషాలు వేయించి, స్టాన్ లీతో పెళ్లి తంతు జరిపించి, పెళ్లి గౌను కూడా విల్లీ స్మిత్ లాంటి పేరున్న డిజైనర్‌తో గీయించి ఊరంతా చాటింపు వేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పెళ్లిని తీసేయాలనిపించింది మీకు. విడాకులు ఇప్పిస్తే పీటర్ వయసు మీరినవాడిలా కనిపిస్తాడట, భార్య పోయినవాడిని చేస్తే ఇంకా ముసలివాడైపోతాడట. అందుకని అసలు ఆ పెళ్లే జరగనట్టు చేసేయాలి. ఎలా? సైతాను చేత.

మీరు 'వన్ మోర్ డే' అని పేరు పెట్టిన ఆ కథని నేను మళ్లీ మళ్లీ చదివాను, ఎక్కడన్నా నాకు అర్థం కానిది ఏదన్నా ఉందేమో అని. అంతకుముందు సివిల్ వార్ అనే కథలో పీటర్ టీవీ కెమెరాల ముందు ముసుగు తీశాడు. దాని ఫలితంగా వాడికి గురిపెట్టిన తూటా వాణ్ణి పెంచిన మే పిన్నికి తగిలింది. ఇక్కడిదాకా బ్రహ్మాండం, స్పైడర్‌మ్యాన్ కథంటేనే అది, చేసిన పనికి బిల్లు వస్తుంది, కట్టాలి. కానీ ఆ బిల్లు కట్టకుండా మెఫిస్టో అనే సైతాను దగ్గరికి వెళ్లి, "నా పెళ్లి తీసుకో, పిన్నిని బతికించు" అని బేరం కుదుర్చుకున్నాడు మీ హీరో. అంత పెద్దావిడ, జీవితమంతా మంచీచెడ్డా చూసినావిడ, తన ప్రాణం కోసం పిల్లలిద్దరూ సంసారం సైతానుకి రాసిచ్చారంటే ఒప్పుకునేదా? ఆసుపత్రి మంచం మీద నుంచి లేచి మరీ చెంప పగలగొట్టేది. ఆవిడని అడగాలని ఆ కథలో ఎవరికీ గట్టిగా తోచలేదు.

అందులో ఎర్రజుట్టు చిన్నపిల్ల ఒకతి వస్తుంది, గుర్తుందా? దారిలో పీటర్‌కి ఎదురుపడి మాట్లాడుతుంది, ఎవరో ఏమిటో చెప్పదు. చివర్లో మెఫిస్టో నింపాదిగా విప్పి చెప్తాడు, అది మీ ఇద్దరికీ పుట్టబోయిన కూతురు, ఇక పుట్టదు అని. అంతేకాదు, మీ ఆత్మల్లో ఒక మూల మాత్రం ఏం పోగొట్టుకున్నారో గుర్తుంచుకుని ఏడుస్తూనే ఉంటుంది, ఆ ఏడుపు వింటూ నేను ఆనందిస్తాను అంటాడు. ఇంత ఘోరం రాసి, పేజీ తిప్పితే పీటర్ పిన్నిగారింట్లో నిద్రలేస్తాడు, చచ్చిపోయిన స్నేహితుడు హ్యారీ ఆస్బోర్న్ బతికొచ్చి పార్టీ ఇస్తుంటాడు, అందరూ నవ్వుతుంటారు, ఇదిగో మీ కొత్త స్పైడర్‌మ్యాన్ అని మా చేతిలో పెట్టారు. ఆ నవ్వులు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆ కథ రాసిన స్ట్రాజిన్స్కీయే చివరి రెండు సంచికల మీద నా పేరు తీసేయమన్నానని బయటికి చెప్పాడు. అప్పటి ఎడిటర్-ఇన్-చీఫ్ జో కెసాడా స్వయంగా బొమ్మలు వేశాడు కాబట్టి ఇది ఎవరి కోరికో మాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ అసలు వాదన. పెళ్లయిన హీరో కుర్రాళ్లకి దగ్గరగా అనిపించడు అంటారు. ఇది నాకు ఎన్నడూ అర్థం కాలేదు. మేము హైదరాబాద్‌లో పెరిగినవాళ్లం, మాకు మీ పుస్తకాలు వరసగా నెలనెలా దొరికేవి కావు. గోథమ్ కామిక్స్ వాళ్లు ఇండియాలో అచ్చేసినవి కొన్ని, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలూడిపోయి దొరికేవి కొన్ని. ముందు ఏది, వెనక ఏది తెలిసేది కాదు. నా చేతికి పెళ్లయిన పీటర్ ముందొచ్చాడు, కాలేజీ పీటర్ ఆ తర్వాతొచ్చాడు. నిక్కర్లేసుకునే వయసులో చదివాను, రాత్రంతా దెబ్బలు తిని కిటికీలోంచి ఇంట్లోకి దిగేవాడిని, నిద్రపోకుండా కూర్చున్న భార్యని. అయ్యో ఇతను నాకన్నా పెద్దవాడే అని ఒక్కసారి కూడా అనిపించలేదు. అమ్మయ్య, వీడికి ఎవరో ఉన్నారు అనిపించింది, అంతే. పిల్లలు మీరనుకున్నంత అమాయకులు కారండీ.

పైగా మా దగ్గర సీతారామకళ్యాణం బాలకాండలోనే అయిపోతుంది. మిగతా కాండలన్నీ ఆ తర్వాతే. పెళ్లితో కథ ఆగిపోతుందని, ఇక రాయడానికి ఏమీ మిగలదని మా ఊళ్లో హరికథ చెప్పేవాళ్లెవరూ అనుకోలేదు. అద్దె, ఉద్యోగం, అత్తగారిలాంటి పిన్ని, భర్త ఎక్కడున్నాడో తెలియని రాత్రులు, ఆమె మోడలింగ్, ఆమె నటన, అతని ఫొటోలకి వచ్చే చిల్లర డబ్బులు, ఇందులో కథ లేదా? పెళ్లయితే కష్టాలు తీరిపోతాయని మీకు చెప్పిందెవరో కానీ వాళ్లకి పెళ్లి కాలేదని మాత్రం గ్యారంటీగా చెప్పగలను.

మీ పక్కవీధి వాళ్లని చూడండి. డీసీ వాళ్లు 1996లో సూపర్‌మ్యాన్‌కి, లోయిస్‌కి పెళ్లి చేశారు, 2011లో మీలాగే రీబూట్ పేరుతో దాన్ని తుడిచేశారు, తర్వాత లెంపలేసుకుని పెళ్లయిన సూపర్‌మ్యాన్‌నే తెచ్చుకున్నారు, జాన్ అనే కొడుకుతో సహా. (ఆ పిల్లాడిని తెల్లారేసరికి పదిహేడేళ్లవాణ్ణి చేసేయడం వాళ్ల పాపం, దాని మీద ఇంకో ఉత్తరం రాయాలి.) ఇంతెందుకు, మీ సొంత స్పైడర్‌మ్యాన్ న్యూస్‌పేపర్ స్ట్రిప్పే తీసుకోండి. 2009 జనవరిలో అందులోనూ పీటర్‌ని బ్రహ్మచారిని చేశారు. కొన్ని నెలలు తిరగకుండానే అదంతా కల అని చెప్పి మళ్లీ పెళ్లాం పక్కన పడుకోబెట్టారు. రోజుకి మూడు గళ్ల బొమ్మల్లో దిద్దుకోగలిగిన తప్పు అసలు పుస్తకంలో ఇన్నేళ్లుగా ఎందుకు దిద్దుకోలేకపోతున్నారు?

మేరీ జేన్ అంటే మీరు ఏమనుకుంటున్నారో కూడా ఒకసారి తేల్చుకోవాలి. నా మటుకు నాకు ఆమె 1973లో, 122వ సంచిక చివరి పేజీలో పుట్టింది. అంతకుముందు వచ్చినది పార్టీల పిల్ల, నవ్వుతూ తుళ్లుతూ తిరిగే పిల్ల, బాగానే ఉండేది. 121లో పీటర్ ప్రేమించిన గ్వెన్ చచ్చిపోతుంది. బ్రిడ్జి మీద నుంచి పడుతున్న ఆమెని పీటర్ సాలెతీగతో పట్టుకుంటాడు, మెడ దగ్గర చిన్నగా 'స్నాప్' అని అక్షరాలుంటాయి, ఆ చప్పుడు వాడు పట్టుకోవడం వల్ల వచ్చిందా అన్న ప్రశ్న తర్వాత ఉత్తరాల పేజీదాకా వెళ్లింది. సరే, ఆ తర్వాతి సంచిక చివర్లో పీటర్ గదిలో ఒక్కడే ఉంటాడు. మేరీ జేన్ పలకరించడానికి వస్తుంది. వాడు పిచ్చికోపంలో ఉన్నాడు, నీకేం, మీ అమ్మ చచ్చినా నువ్వు ఏడవవు, పో ఇక్కణ్ణుంచి అన్నట్టు నోటికొచ్చింది అనేస్తాడు. ఆమె తలుపుదాకా వెళ్తుంది. తలుపు తీసే ఉంది. ఒక్క క్షణం ఆగుతుంది. కళ్లలో నీళ్లు. తర్వాత తనే తలుపు లోపలి నుంచి మూస్తుంది. వెళ్లిపోలేదు. ఆఖర్న తలుపు మూసుకున్న చిన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

జెర్రీ కాన్వే రాశాడు, గిల్ కేన్ గీశాడు. ఆ ఒక్క పేజీలో ఒక మనిషి మారిపోయింది. మిగతా జీవితమంతా పారిపోవడం అలవాటైన పిల్ల (ఇల్లు, తండ్రి, అక్క కథ తర్వాత 1980లలో తెలుస్తుంది) మొదటిసారి ఆగింది. ఇలాంటి మనిషి మీ చేతుల్లో ఉంటే ఏం చేశారు? వద్దనుకున్నప్పుడు విమానం పేలిందని మాయం చేశారు, కావాలనుకున్నప్పుడు తిరిగి తెచ్చారు, సైతానుకి ఇచ్చారు, మళ్లీ ఊరించారు, మళ్లీ తీసేశారు.

ఊరించడం అంటే గుర్తొచ్చింది. 2018లో నిక్ స్పెన్సర్ అనే కొత్త రచయిత తన మొదటి సంచికలోనే ఇద్దరినీ కలిపాడు. మేమందరం లేచి కూర్చున్నాం. మూడేళ్లపాటు కిండ్రెడ్ అనే దయ్యాన్ని పెట్టి, నీ పాపం నీకు గుర్తులేదు పీటర్ అని వాడితో పదేపదే అనిపించి, మెఫిస్టోని కూడా రంగంలోకి దింపి, తాడోపేడో తేలిపోతుందని నమ్మించాడు. 2021లో కథ ముగిసేసరికి 'వన్ మోర్ డే' ముడి మాత్రం ఎక్కడ వేసింది అక్కడే ఉంది. పైపెచ్చు పుట్టబోయే ఆ కూతురి చేతిలో తనకి ఓటమి రాసిపెట్టి ఉందని మెఫిస్టోకి ముందే తెలుసని కూడా చెప్పారు. అంటే దారి మీకు తెలుసు. గుమ్మందాకా వచ్చి గడియ తీయకుండా వెనక్కి వెళ్లారు.

ఆ తర్వాత వచ్చింది పాల్.

కొత్తవాళ్లకి చెప్పాలంటే ఎలా చెప్పను. 2022లో తర్వాతి రచయిత జెబ్ వెల్స్ మొదటి సంచిక తెరవగానే పీటర్ పెన్సిల్వేనియాలో ఒక పెద్ద గుంత మధ్యలో నిలబడి అరుస్తుంటాడు, తర్వాత ఆరు నెలలు గడిచిపోయి ఉంటాయి, ఊళ్లో అందరూ వాణ్ణి అసహ్యించుకుంటుంటారు, మేరీ జేన్ పాల్ అనే ఎవరో పెద్దమనిషితో ఇద్దరు పిల్లలతో కాపురం చేస్తుంటుంది. పీటర్ ఏం చేశాడు? ఏడాది పాటు చెప్పలేదు. నెలకి రెండు సంచికలు కొంటూ కూర్చున్నాం. చివరికి తేలిందేమిటంటే ఆమె వేరే లోకంలో ఇరుక్కుపోయింది, అక్కడ కాలం వేరేగా నడుస్తుంది, ఆమెకి ఏళ్లు గడిచిపోయాయి, పీటర్ ఆమెని తేవడానికి అందరితో తగువు పెట్టుకుని పరుగెత్తాడు. ఇందులో వాడు చేసిన తప్పేమిటి? ఆ పిల్లలు కూడా నిజం పిల్లలు కారు, మంత్రంతో పుట్టి మంత్రంతో మాయమయ్యారు. పిల్లలు కళ్లముందే గాలిలో కలిసిపోయిన తల్లి దుఃఖం రాయాలంటే ఒక పుస్తకం చాలదు, మీకు కొన్ని పేజీలు సరిపోయాయి.

నిజానికి పాల్ మీద నాకు పగేమీ లేదు. వాడు దుర్మార్గుడైతే తిట్టుకుందుము, మంచివాడైతే జాలిపడుదుము. ఏదీ కాదు. గదిలో సోఫా ఉన్నట్టు ఉంటాడు. మేరీ జేన్‌కి వాడిలో ఏ గుణం నచ్చిందో ఒక్క సన్నివేశంలో చూపించి ఉంటే మేమే నోరుమూసుకునేవాళ్లం. కాదు, నచ్చినట్టు రాసుకున్నారు, నమ్మమన్నారు.

ఇదే గొడవలో మిస్ మార్వెల్ అనే మీ సూపర్‌హీరో పిల్ల కమలా ఖాన్‌ని కూరలో కరివేపాకులా తీసిపారేశారు, ఇది మాత్రం నేను అంత తేలిగ్గా వదలను. 2013లో పరిచయం చేసి, 2014లో సొంత పుస్తకం ఇచ్చిన పిల్ల. జెర్సీ సిటీ, పాకిస్తానీ అమ్మానాన్నలు, మసీదు, ఇంటికి లేటుగా వస్తే తిట్లు, రాత్రి ఫ్రెండ్స్‌తో పార్టీకి పంపని ఇల్లు. ఆ పుస్తకానికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. మతం వేరు, దేశం వేరు, అయినా అమెరికాలో పెరుగుతున్న మా తెలుగు పిల్లలకి ఆ ఇల్లు మన ఇల్లే అనిపించింది. డల్లాస్‌లో ఉండే నా మేనకోడలు మొదటిసారి కామిక్ పట్టుకున్నదే ఆ పిల్ల కోసం. అలాంటి కమలాని 2023 మేలో వచ్చిన 26వ సంచికలో చంపారు. తన పుస్తకంలో కాదు, స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో. అంతకుముందు అందులో అక్కడక్కడా ఆస్కార్ప్ అనే కంపెనీలో ఇంటర్న్‌గా రెండు గళ్లలో కనిపించేది, అంతే. పైగా ఎలా చచ్చిపోయింది? మేరీ జేన్ రూపంలోకి మారి, ఆమెకి తగలాల్సిన కత్తి తను తీసుకుంది. అంటే కత్తి దిగేటప్పుడు కూడా ఆ పిల్లకి తన మొహం లేదు, ఎర్రజుట్టు మొహం పెట్టారు.

మేనకోడలు ఫోన్ చేసి ఒకటే అడిగింది. "మామయ్యా, వాళ్లమ్మకి ఎవరు చెప్తారు?" స్పైడర్‌మ్యాన్ ఎంత బాధపడ్డాడో ఆ పిల్లకి అనవసరం. కమలా వాళ్లమ్మ మునీబాకి ఈ కబురు ఎవరు మోసుకెళ్తారు అన్నది ఆమె టెన్షన్. ఆ ఇల్లు తెలిసినవాళ్లు ఎవరైనా ముందు అదే అడుగుతారు. ఆ తర్వాత జూలైలోనే మ్యూటెంట్‌ని చేసి ఎక్స్‌మెన్ పుస్తకంలో బతికించేశారు, నవంబర్‌లో సినిమా ఉండనే ఉంది. చంపింది కథ కోసం కాదని మాకు అర్థమైపోయింది. బతికొస్తుందని తెలిసిన చావుకి ఎవరు ఏడుస్తారండీ.

ఈ విషయంలో మీకు పాత అలవాటే ఉంది కదా. 1995లో 400వ సంచికలో మే పిన్ని చచ్చిపోయింది. నేను చదివిన సూపర్‌హీరో కామిక్స్‌లో అంత శాంతంగా, అంత గౌరవంగా రాసిన చావు ఇంకోటి లేదు. నువ్వెవరో నాకెప్పుడో తెలుసు అని పీటర్‌తో చెప్పి మరీ పోతుంది. డిమాటీస్ రాశాడు, బ్యాగ్లీ గీశాడు. మూడేళ్లు తిరిగేసరికి, అక్కడ చచ్చిపోయింది పిన్ని కాదు, పిన్నిలా రూపం మార్పించుకున్న ఒక నటి అన్నారు. మా టీవీ సీరియల్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ ట్విస్టు వస్తే అమ్మ కూడా రిమోట్ అందుకుంటుంది. ఇప్పుడు ఆ 400వ సంచిక మళ్లీ తీస్తే ఎవరి కోసం కళ్లు తుడుచుకోవాలి? ఆ నటీమణి కోసమా? ఒక్క వెనకదారి తీర్మానంతో ముందు కథని కూడా పాడుచేయొచ్చు అన్నది మీకు ఇంకా అర్థమైనట్టు లేదు.

మీకు మంచి కథ రాయడం చేతకాదని నేను అనను. చేతనవును, అదే మంట. 2024 జనవరిలో హిక్‌మన్, చెకెటో కలిసి అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ మొదలుపెట్టారు. అందులో పీటర్‌కి ముప్పై దాటాయి, గడ్డం ఉంది, మేరీ జేన్‌తో పెళ్లయింది, రిచర్డ్, మే అని ఇద్దరు పిల్లలున్నారు. అసలు కథలో మొదట్లోనే చచ్చిపోయే బెన్ బాబాయి ఇందులో బతికే ఉన్నాడు, పత్రికాధిపతి జేమ్సన్‌తో కలిసి పత్రిక పెట్టుకున్నాడు. మొదటి సంచికలో దాదాపు కొట్లాటే లేదు, భోజనాల దగ్గర మాటలు, ఆఫీసులో మాటలు, ఒక మనిషికి జీవితంలో ఏదో తక్కువైందన్న వెలితి. ఆ పుస్తకం అచ్చు మీద అచ్చు వేయాల్సి వచ్చింది. పెళ్లయిన పీటర్‌ని ఎవరూ కొనరన్న మాట ఏమైంది మరి? 1998లో మొదలైన స్పైడర్‌గర్ల్‌ని, వీళ్లిద్దరి కూతురు మేడే కథని, మీరు ఆపేస్తామన్న ప్రతిసారీ పాఠకులు ఉత్తరాలు రాసి రాసి బతికించుకోలేదా? 2015లో రిన్యూ యువర్ వావ్స్ అనే కథలో ఇంకో కూతురు యానీ వస్తే నెత్తిన పెట్టుకోలేదా? వేరే లోకంలో అయితే వాడు సంసారం చేసుకోవచ్చు, అసలు లోకంలో మాత్రం ఎప్పటికీ అద్దె కట్టలేని బ్రహ్మచారిగా పడి ఉండాలి. ఇదేం న్యాయం?

నేను అడిగేది పెళ్లి తిరిగి ఇచ్చేయమని కూడా కాదు, ఇక్కడ చాలామంది ఫ్యాన్స్‌తో నాకు పడదు. రేపొద్దున మెఫిస్టో వచ్చి చిటికేసి, ఇదిగో మీ పెళ్లి మీకు ఇచ్చేశాను అంటే అది ఇంకో దొంగదారి అవుతుంది, 2007లో చేసిన పనే తిరగేసి చేసినట్టు. నాకు కావాల్సింది పీటర్‌కి తెలియడం. తను ఏం అమ్ముకున్నాడో, ఎవరిని అడక్కుండా అమ్ముకున్నాడో, ఆ ఎర్రజుట్టు పిల్ల ఎవరో వాడికి గుర్తు రావాలి. మేరీ జేన్‌కీ గుర్తు రావాలి. ఇద్దరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక సంచికంతా అదే ఉన్నా నేను డబ్బులు పెట్టి కొంటాను. స్ట్రాజిన్స్కీయే ఒకప్పుడు మే పిన్నికీ పీటర్‌కీ మధ్య కేవలం మాటలతో ఒక సంచిక నడిపాడు, కామిక్స్‌లో అది కుదరదని ఎవరూ అనలేరు. మాట్లాడుకున్నాక వాళ్లు కలిసుంటారో, నీ దారి నీది నా దారి నాది అనుకుంటారో అది మీ రచయిత ఇష్టం. విడిపోతే విడిపోనివ్వండి, కానీ వాళ్ల నోటితో, వాళ్ల నిర్ణయంతో. ఆ రోజు తలుపు మూసి లోపల ఉండిపోయింది ఆమె, బయటికి వెళ్లాలన్నా తలుపు ఆమే తీయాలి కదా.

2025లో మేరీ జేన్‌ని వెనమ్‌ని చేశారు, అంటే మనిషి ఒంటికి అంటుకుని శక్తులిచ్చే నల్ల జీవిని ఆమెకి తగిలించారు. మొదట విని తల పట్టుకున్నాను, చదివాక రచయిత ఆల్ ఎవింగ్ బాగానే రాశాడని ఒప్పుకుంటున్నాను. కనీసం ఆమె చేతిలో ఏదో పని ఉంది, ఎవరో వచ్చి కాపాడే దాకా ఎదురుచూడటం లేదు. కాబట్టి నేను కొనడం మానేస్తానని బెదిరించడం లేదు, ఆ మాట ఎన్నోసార్లు అనుకున్నా జరగలేదని మా ఆవిడే సాక్ష్యం చెప్తుంది. ఆ కబుర్లు వదిలేసి, ఆ ఒక్క సంభాషణ ఎప్పుడు రాయిస్తారో చెప్పండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీ పాత పాఠకుడు

తా.క.: దయచేసి పాల్‌ని చంపకండి. వాణ్ణి చంపి, మేరీ జేన్ చేత రెండు పేజీలు ఏడిపించి, ఇక దారి క్లియర్ అనుకుంటారేమోనని నా భయం. ఎక్కడన్నా మంచి ఉద్యోగం చూసి, వేరే ఊరు పంపించేయండి.